తిట్టించుకునే మనిషి

ఈ ఉదయం మా వీధిలో బ్లీచింగ్ పొడి ఘాటు ముక్కుకు తగిలింది. నగర పాలకవర్గం గడువు అయిపోయింది, ఇక ప్రత్యేకాధికారి పాలనట. ఆయన చూడటానికి వస్తున్నాడని చల్లారు. వెనకటికోసారి ఏళ్ల తరబడి ఎన్నికలు లేకుండా అధికారులే ఏలినప్పుడూ ఇలాగే చల్లేవారు. ఆ వాసనకు నాకు పోలమ్మప్ప గుర్తొస్తుంది.

అంతకుముందు ఆమె మా వార్డు కార్పొరేటరు. మాలాగే చేపలమ్మిన మనిషి, అందరం అక్కలా అప్పా అని పిలిచేవాళ్లం. పడవలు ఒడ్డుకు చేరాక, మా ఆడవాళ్లం చేపలెండబెట్టే సిమెంటు దిమ్మ దగ్గరికి రోజూ వచ్చేది. తిట్లు తినడానికే వచ్చేది అనాలి.

“ఏటప్పా, కుళాయి ఎప్పుడేయిత్తావ్? ఓట్లప్పుడు కాళ్లట్టుకున్నావ్ కదా!” అనేదాన్ని.

“తిట్టవే తల్లీ, తిట్టు. సేతులాపకుండా తిట్టు, సేపలు పాడైపోతాయి” అంటూ తానూ ఒక గంప ముందేసుకుని, మేం ఆపగానే “ఇంకా ఏటే?” అని అడిగేది. కుళాయి ఏడాదికి వచ్చింది. వచ్చేదాకా తిట్టాం.

ఆమె పదవీకాలం అయిపోయాక, అధికారులొచ్చి ఒడ్డును అందంగా చేస్తామని ఆ దిమ్మ తీసేయాలన్నారు. ఇసుకలో ఎండిన చేపను ఎవరు కొంటారు? ఆఫీసుకు వెళితే అర్జీ రాసి పెట్టెలో వెయ్యమన్నారు. మాకెవరికీ రాత రాదు. పోలమ్మప్పను రాయమన్నాను.

“నాను రాత్తే మాజీ రాజకీయం సేత్తంది అంటారే. దిమ్మ నీది, నువ్వే రాయి” అంది. యాభై దాటిన నాకు ఆ దిమ్మ మీదే బొగ్గుముక్కతో అక్షరాలు దిద్దించింది.

నా మొదటి అర్జీ చూసి పకపకా నవ్వింది. పైన ‘పోలమ్మప్పకి’ అని రాశాను.

“నాకేటే? ఆపీసరు బాబుకి కదా రాయాల!”

“ఆ బాబు మనకి తెలుసా ఏటి? ఏదైనా నీకే కదప్పా సెప్పుకుంటాం.”

ఆమె నవ్వు ఆగిపోయింది. ఆ కాగితం మడిచి రవికెలో దోపుకుంది. “ఇంకోటి రాయి. ఇచ్చీసి వచ్చీయకు. ఆ బాబు ఎదురుగా కూకో” అంది.

కూర్చున్నాను. ఆ అధికారి మంచివాడే, చూస్తానన్నాడు. నెల తిరక్కుండా బదిలీ అయిపోయాడు. తర్వాత వచ్చినాయనకు మేమెవరమో తెలియదు. దిమ్మ పగలగొట్టారు. మళ్లీ ఎన్నికలొచ్చేలోపే పోలమ్మప్ప పోయింది.

ఇప్పుడు వీధిలో అందరి అర్జీలూ నేనే రాస్తాను. ఇచ్చాక వెళ్లమంటారు. వెళ్లను. కుర్చీ వెయ్యకపోతే నేలమీదే కూర్చుని, ఉన్నదున్నట్టు చెబుతాను. కొందరు మర్యాదగానే వింటారు. “ఇంకా ఏటే?” అని అడిగేవాళ్లు మాత్రం లేరు.