రాతి గోడ, ఇటుక గోడ కలిసిన మూల

నాకు గోడల పిచ్చి. విజయనగరంలో ఇళ్ళు కట్టించే పని నాది కాబట్టి అది పొట్టకూటి కోసం పట్టుకున్న పిచ్చి అనుకోవచ్చు గానీ, సెలవురోజున కూడా వదలదు. అందరూ గుడికెళ్ళి గోపురం చూస్తే నేను ప్రహరీ చూస్తాను. నన్ను స్వర్గానికి పంపినా ముందు అక్కడి గోడకి గుండు పట్టి వంకరుందా లేదా అని చూస్తానని మా ఆయన వెక్కిరింపు. అరకు నాలుగుసార్లు వెళ్ళాను. గుహలు, జలపాతం, కాఫీ, వెదురుబొంగు చికెన్ అన్నీ అయిపోయాయి. ఈ మే నెలలో ఐదోసారి వెళ్ళడానికి కారణం మాత్రం బుద్రి ఫోను.

బుద్రిది అరకు దాటాక కొండల్లో ఒక చిన్న ఊరు. నా సైట్లలో ఇటుకలందించే పనికి వచ్చి, మూడేళ్ళు తిరక్కుండానే తాపీ పట్టింది. అదే సైట్లో సెంట్రింగు పని చేసే లచ్చన్నని ఇష్టపడింది. లచ్చన్న వాళ్ళు కొండదేవతని కొలుస్తారు, బుద్రి పుట్టింటివాళ్ళు చర్చికి వెళతారు. పెళ్ళి ఎక్కడ జరగాలో రెండు ఇళ్ళకీ తెగక, చివరికి రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకున్నారు. సాక్షి సంతకం నాది. అందువల్ల ఆ రెండు ఇళ్ళవాళ్ళకీ నా మీద సమానంగా కోపం. బుద్రి మాత్రం ఆ సోమవారం ఫోన్ చేసి, వాళ్ళ వైపు అక్కని పిలిచే పిలుపుతో, "అప్పా, మా కొత్తింటి గోడలు లేసినాయి. బుధవారం కప్పేత్తన్నాం. నువ్వు రావాల, వచ్చి గోడలు సూడాల" అంది. నువ్వే మేస్త్రివి కదా, నేను చూడ్డమేమిటే అంటే, "నువ్వొస్తే మంచిదప్పా" అని పెట్టేసింది. గోడల మాట వినగానే నేను సంచీ సర్దేశాను.

విజయనగరం నుంచి వెళ్ళేవాళ్ళు విశాఖ దాకా పోనక్కర్లేదు. తెల్లవారుజామున శృంగవరపుకోట బస్సెక్కితే గంటన్నర లోపు దింపేస్తుంది. విశాఖలో ఏడింటికి ముందు బయలుదేరే కిరండూల్ పాసింజరు ఎనిమిది దాటాక అక్కడికి వస్తుంది. అద్దాల పెట్టె కావాలంటే ముందుగా బుక్ చేసుకోవాలి. నేను జనరల్‌లోనే ఎక్కాను, టికెట్టు టిఫిను ఖర్చంత కూడా కాదు. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలంతా కేకలు పెట్టారు, పక్కనున్న పెద్దావిడ కూడా గొంతు కలిపింది. నేను మాత్రం కొండ చరియకి కట్టిన రాతి గోడలు చూస్తూ కూర్చున్నాను. వాటికి వరుసగా చిన్న చిన్న రంధ్రాలుంటాయి, వాటిలోంచి నీరు కారుతూ ఉంటుంది. అది గోడ పాడవడం కాదు. కొండలో ఊరిన నీరు బయటికి పోవడానికి దారి ఇవ్వకపోతే, ఎంత లావు గోడనైనా వెనకనుంచి నెట్టేస్తుంది. బొర్రాలో సగం బోగీ దిగిపోయింది. నేను పదకొండింటికి అరకులో దిగాను.

స్టేషను బయట డుంబ్రిగుడ వైపు వెళ్ళే షేర్ జీపులుంటాయి. మనిషికి నలభై తీసుకున్నారు. ముందు సీట్లో కూర్చోబెట్టిన డ్రైవరు, "ఏటమ్మా, చాపరాయి జలపాతానికా?" అన్నాడు.

"కాదు బాబూ, ఒక ఇల్లు చూడాలి."

"ఇక్కడ మీరు కొనీడానికి అవదమ్మా. బయటోళ్ళకి రాయరు."

"కొనడానికి కాదు. గోడలు చూడ్డానికి."

అతను గేరు మారుస్తూ నా వైపు చూశాడు. "మీ ఊర్లో గోడల్లేవేటి?" అన్నాడు. జీపంతా నవ్వింది, నేనూ నవ్వాను. మట్టిదారి మొదట్లో దింపుతూ, ఆఖరి జీపు సాయంత్రం ఐదింటికని రెండుసార్లు చెప్పాడు.

కాఫీ తోటల మధ్య పది నిమిషాల నడక. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియం తీగలు పాకి ఉన్నాయి, నీడ చల్లగా ఉంది. ఊరు కనిపించక ముందే మసాలా వాసన వచ్చింది. ఇంటి దగ్గర చూస్తే రెండు పొయ్యిలు, రెండు గుంపులు. పనసచెట్టు కింద బుద్రి మామగారు సోంబ్ర, ఆయన బంధువులు. అవతల సిల్వర్ ఓక్ కింద బుద్రి అన్న దేవదాసు, అతని బంధువులు. మధ్యలో వాసాలు, దూలం, బెంగుళూరు పెంకుల కుప్ప, వాటిని సర్దుతూ లచ్చన్న. బుద్రి రెండు నెలల గుంటని, అంటే పాపని, భుజానేసుకుని ఎదురొచ్చింది. "వచ్చీసినావా అప్పా" అని, నా చేతిలో గ్లాసుడు చోడంబలి, అదే రాగి జావ, పెట్టి, నేను తాగడం పూర్తవకుండానే గోడల వైపు నడిపించింది.

ఆ గోడలు చూసి నా కడుపు నిండిపోయిందంటే నమ్మండి. వెనక, కొండ వైపు గోడ రాయి. సోంబ్ర కట్టాడు. చెక్కని రాళ్ళు, మట్టి అడుసు, అడుగున్నర పైనే మందం. పెద్దరాళ్ళ సందుల్లో చిన్న ముక్కలు దట్టించి, అక్కడక్కడా గోడ మందం మొత్తం ఇటునుంచి అటు దాటే పొడుగు రాళ్ళు వేశాడు. అవి లేకపోతే రాతి గోడ నిజానికి పక్కపక్కన నిలబడ్డ రెండు పలుచని గోడలే, ఏదో ఒకనాడు మధ్యలో ఉబ్బిపోతుంది. మిగతా మూడు వైపులా తొమ్మిదించుల ఇటుక గోడ, దేవదాసుది. ఒక వరుస నిలువు, ఒక వరుస అడ్డం, పై ఇటుక అతుకు కింది ఇటుక అతుకు మీద పడకుండా ఎంత శుభ్రంగా కట్టాడంటే, మా మేస్త్రీలను జీపెక్కించి తెచ్చి చూపించాలనిపించింది. కొండవైపు తడిని రాయి తట్టుకుంటుంది, మిగతా వైపులా ఇటుక బేగి, గబగబా లేస్తుంది. రెండూ కలపడం తెలివైన పని.

అయితే రెండూ కలవలేదు. వెనక మూల దగ్గరికి వెళ్ళి చూస్తే రాతి గోడ తన అంచు దగ్గర నున్నగా ఆగిపోయింది, ఇటుక గోడ వచ్చి దాన్ని ఆనుకుని నిలబడింది. పైనుంచి కింది దాకా ఒకటే గీత. నా వేలు సగం దాకా లోపలికి పోయింది. రెండో మూలా అంతే. ఈ ఇంటి కప్పు నాలుగు వైపులా వాలేది. మూలవాసం బరువంతా మూల మీద పడుతుంది, పడి ఊరుకోదు, మూలని బయటికి తోస్తుంది. కట్టు లేని మూల ఒక్క వానాకాలం ఆగితే గొప్ప.

"సూసినావా?" అంది బుద్రి మెల్లగా. "నేను కానుపుకి అమ్మింటికెళ్ళినాను. నేను లేనప్పుడు ఈళ్ళు పొద్దుట, ఆళ్ళు సాయంత్రం వచ్చి కట్టినారు. ఎవులి గోడ ఆళ్ళదే. మాటల్లేవు కదా. నేనొచ్చి మూడ్రోజులయింది. మావోళ్ళ గోడ ఇప్పమంటే మా అన్న అలిగెళ్ళిపోతాడు, మామ గోడ ఇప్పమంటే ఈ ఇంట్లో ఎలాగుంటాను?"

"అందుకని నన్ను పిలిచావా?"

"నువ్వంటే ఇద్దరికీ కోపమే కదప్పా. ఇంకాస్త పెరిగితే నీకేటి నష్టం?"

దాని తెలివికి ముద్దు పెట్టుకోవాలనిపించింది. రెండు చెట్లకీ మధ్య నిలబడి, సైట్లో అరిచే గొంతుతో చెప్పేశాను. రెండు మూలలూ పైనుంచి కింది దాకా మెట్లు మెట్లుగా విప్పాలి, ఒకదానిలోకి ఒకటి దూరేలా మళ్ళీ కట్టాలి, అప్పుడే కప్పు.

దేవదాసు లేచాడు. "మా గోడకేటి తక్కువ? గుండేసి సూసుకోండి."

సోంబ్ర లేవలేదు గానీ గొంతు లేచింది. "మా అయ్య కట్టిన పొలంగట్టు ఇంకా కదల్లేదు. నా గోడ ఇప్పీమంతాదా ఈ ఇంజినీరమ్మ?"

"రెండు గోడలూ బంగారం. మూలే లేదు" అన్నాను. రెండు అరచేతులు పక్కపక్కన ఆనించి లచ్చన్నని లాగమన్నాను, విడిపోయాయి. వేళ్ళు వేళ్ళలో దూర్చి లాగమన్నాను, రాలేదు. కొందరు నవ్వారు. సోంబ్ర, దేవదాసు మాత్రం నవ్వలేదు. కొండ మీద మబ్బు నల్లబడుతోంది, కప్పు లేని మట్టి అతుకుల మీద వాన పడితే ఏమవుతుందో అక్కడ అందరికీ తెలుసు. అప్పుడు బుద్రి పాపని మామగారి ముందుకి తెచ్చి, "ఉయ్యాల ఆ మూలవాసానికే కడతానన్నావు కద మామా" అంది.

సోంబ్ర లేచి, తలగుడ్డ బిగించుకుని, గోడెక్కి మూల మీది రాయి తన చేత్తో పీకాడు. అదే మూలకి ఇటుక వైపు దేవదాసు తాపీ అందుకున్నాడు.

ఇలాంటి మూలలో ఒక చిక్కుంది. ఇటుక వరుసలు లెక్క ప్రకారం లేస్తాయి, రాయి లేవదు. మూడు ఇటుక వరుసలకి సరిపడే ఎత్తున్న పొడుగు రాయి దొరికితేనే అది ఇటుక గోడలోకి చొచ్చుకుని కూర్చుంటుంది. అంటే ఇటుక పెట్టేవాడు రాయి పెట్టేవాడికి కొలత చెప్పాలి. మొదట దేవదాసు నాతో, "పదించుల రాయి కావాలని ఆయనకి సెప్పండమ్మా" అన్నాడు. ఆయన రెండు అడుగుల దూరంలో ఉన్నాడు. నేను చెప్పాను. "తొమ్మిదించులదే ఉంది, కింద ఓ పెంకు ముక్కెయ్యమని సెప్పు" అన్నాడాయన. అదీ చెప్పాను. ఇలా నాలుగు వరుసలు అయ్యేసరికి నా గొంతు పోయింది, నిజంగానో నటనో మీరే తేల్చుకోండి. చేత్తో సైగ చేసి అంబలికి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి, "ఇది కాదు, ఆ వంకరది" "వంకరదైతే నా ఇటుక సితికిపోద్ది" అని నేరుగా పోట్లాడుకుంటున్నారు. అంత తియ్యటి పోట్లాట నేను వినలేదు.

ఒక మూల పూర్తయింది. రెండో మూలకి రెండు గుంపులూ కలిసిపోయి రాయి, ఇటుక, అడుసు చేతులు మార్చుకుంటున్నాయి. పైవరుస ఒక్కటి మిగిలుండగా మొదటి చినుకు నా ముక్కు మీద పడింది. సోంబ్ర గోడ మీద, దేవదాసు కింద ఉన్నారు. ఆఖరి పొడుగు రాయి దేవదాసు కాళ్ళ దగ్గర ఉంది.

"ఒరే అల్లుడా, సూత్తావేటి, బేగి అందియ్" అన్నాడు సోంబ్ర.

పెళ్ళయిన రెండేళ్ళలో కోడలి అన్నని ఆయన ఇలా వరసపెట్టి పిలవడం ఎవరూ వినలేదు. దేవదాసు రాయి ఎత్తాడు, మోకాలు మీద ఆపుకుని, "పట్టు మామా, బరువు" అన్నాడు. పాపని ఎత్తుకుని అక్కడే నిలబడ్డ బుద్రి వెనక్కి తిరిగి నా భుజంలో మొహం పెట్టేసింది. నాకూ కళ్ళు నిండాయి, నవ్వూ ఆగలేదు.

పచ్చి మట్టి మీద పెంకులెత్తకూడదు కాబట్టి ఆ సాయంత్రం దూలం, వాసాలు మాత్రం ఎక్కించి, పైన టార్పాలిన్ కట్టాం. దేవదాసు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు, సోంబ్ర గుమ్మంలో కొండదేవతకి కోడిని చూపించి మొక్కాడు, ఒకరయ్యేదాకా ఇంకొకరు ఆగారు. వాన దబదబ కొడుతుంటే ఆ కొత్త ఇంట్లోనే అడ్డాకుల్లో అన్నం, పనసకాయ కూర, కోడికూర. రెండు పొయ్యిల కూరలూ వడ్డించారు. ఏది ఎవరిదో అడిగితే, తిను ఇంజినీరమ్మా అని సోంబ్ర కసిరాడు. నా మీద కోపం కొంచెం మిగిలే ఉంది.

ఇల్లు కట్టించేటప్పుడు మనం గోడ ఎంత లావు, సిమెంటు ఎంత అని అడుగుతాం గానీ మూల గురించి అడగం. ఇన్నేళ్ళ పనిలో నేను చూసిన పగుళ్ళలో చాలావరకు గోడ మధ్యలో పుట్టినవి కావు, గోడ పక్క గోడని కలుసుకునే చోట పుట్టినవి. అది నాకు ముందే తెలుసు. మూల కట్టడం ఇంత సంతోషంగా ఉంటుందని మాత్రం ఆ రోజే తెలిసింది. ఇక వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: మే నెలలో అరకు కొండల్లో మధ్యాహ్నం దాటితే వానొస్తుంది, ఐదింటి జీపు మీ కోసం ఆగదు. ఒక జత బట్టలు అదనంగా పెట్టుకోండి. నేను జీపు అందుకోలేక బుద్రి చీర కట్టుకుని ఆ రాత్రి అక్కడే పడుకున్నాను.

వానలు బాగా పడ్డాక మొన్న బుద్రికి ఫోన్ చేసి, పాప ఎలా ఉందని కూడా అడగకుండా ముందు మూల ఎలా ఉందే అన్నాను.

"ఒక్క సుక్క రాలేదప్పా. పెంకులూ ఎక్కీసినాయి. గుంట ఆ మూలే ఉయ్యాల్లో పడుకునుంది."

"మీ మామగారికి ఇవ్వు, మాట్లాడతాను."

"ఇంటికాడ లేడు. వారం నుంచి మా అన్న ఇంట్లోనే ఉన్నాడు. ఆళ్ళ వంటింటికి వెనక గోడ రాతిది కావాలంట."