లచ్చుమక్క దాచని గుణం

నూలు చీరలకు గంజి కాస్తే చాలు, మా మనవరాలు ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తుతుంది. నేను మాత్రం పొయ్యి దగ్గరే నిలబడి ఆ వాసన హాయిగా పీల్చుకుంటాను. నాకది పుట్టిల్లు ఎమ్మిగనూరు వాసన, మా పక్కింటి లచ్చుమక్క వాసన.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. తెల్లవారగానే మా నేతగాళ్ల వీధి పొడవునా మగ్గానికెక్కించే పడుగు దారాలు సాగదీసి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వేవాళ్లం. ఆ పనంతా లచ్చుమక్కే ముందు నిలిచి నడిపించేది. పోగు తెగితే ఎవరి చేతిలో తెగిందో మొహం మీదే చెప్పేసేది. అందుకని వీధిలో ఆమెకు గయ్యాళి అని పేరు. నాకూ అలాంటి పేరే రాబోయింది. ఒకసారి షావుకారు తెచ్చిన నూలు నాసిరకమని మా అన్న అంటే, "పిల్లోడు దిట్టం" అని మెచ్చుకున్నారు. మరుసటిసారి అదే మాట నేనంటే ముక్కున వేలేసుకున్నారు. లచ్చుమక్క కుంచె ఆపి అందరినీ నిలదీసింది.

"అదే నూలు, అదే మాట. అన్న అంటే దిట్టమా, చెల్లెలంటే తలబిరుసా? యాడి న్యాయమప్పా ఇది?"

ఆ ఏడే ఆదోని నుంచి నాకు సంబంధం వచ్చింది. మా వైపు పిల్లను చూసే ముందు మగపెళ్లివాళ్లు ఇరుగుపొరుగును అడిగి గుణం తెలుసుకునేవాళ్లు. అది తెలిసిన మా అమ్మ ముందురోజే ఇల్లిల్లూ తిరిగి, "మా గౌరి నోట్లో నాలుక లేని పిల్ల అని సెప్పండమ్మా" అని బతిమాలి వచ్చింది. అందరూ అలాగే చెప్పారు. చివరికి పెళ్లికొడుకు తల్లి పడుగు దగ్గరికి వచ్చి లచ్చుమక్కను అడిగింది.

"నోట్లో నాలుక లేదా? బాగుండాది! తప్పనిపిస్తే ఎవరినైనా అడుగుతాది మా గౌరి. అబద్ధం మాత్రం ఆడదు" అంది లచ్చుమక్క.

వాళ్లు మేం పెట్టిన బొరుగుల ఉగ్గాని ముట్టకుండా వెళ్లిపోయారు. అమ్మ వీధిలోనే కూలబడి, "నా బిడ్డ బతుకులో మన్ను పోసినావు గదే!" అని ఏడ్చింది. నాకు మాత్రం, సిగ్గు విడిచి చెబుతున్నాను, గుండె నిండిపోయింది. నన్ను నన్నుగా చూసి మంచిదాన్నని చెప్పిన మొదటి మనిషి ఆమె.

లచ్చుమక్క అమ్మ పక్కనే కూర్చుంది. "నా పెండ్లప్పుడు ఊరంతా నన్ను మెత్తని పిల్లని సెప్పినారు. ఆ మాట నిలబెట్టేదానికే నా వయసంతా పోయింది. మొగుడు పోయినాకే నోరు తెరిచినా. దీనికీ అదే గతి పట్టాల్నా?" అంది. అమ్మ ఏడుపు ఆపింది.

కొన్నాళ్లకు ఆ ఆదోని పెళ్లికొడుకు తల్లి ఒక్కతే మా గడప ఎక్కింది. ఉరుకుంద ఈరన్న దర్శనం చేసుకుని, దారిలో బస్సు దిగి వచ్చిందట.

"వీధి వీధంతా ఒకే పాట పాడితే ఎవరో నేర్పినారని తెలీదా నాకు? వేరేగా పలికింది ఆ యమ్మ ఒక్కతే. ఇంటికి పోయినా ఆ మాటే మనసులో ఉండాది. మా పిల్లోడు మరీ మెత్తన. మగ్గం నేస్తాడు గానీ షావుకారు ముందర నోరు పెగలదు. నోరున్న పిల్లే మాకు కావల్ల" అంది.

మా అమ్మ తెల్లబోయింది. పెళ్లయి బస్సెక్కేటప్పుడు లచ్చుమక్క నా గడ్డం పట్టుకుని, "నేను నిన్ను దాచలేదు. నువ్వూ దాచుకోవద్దు" అంది. ఆదోనిలో ఇన్నేళ్లు షావుకార్లతో బేరాలన్నీ నేనే మాట్లాడాను. నన్నూ గయ్యాళి అన్నవాళ్లున్నారు. అననీ!

మొన్న పక్కింటి పిల్ల సంబంధం కోసం వచ్చినవాళ్లు, "ఎట్లాంటి పిల్లమ్మా?" అని నన్ను అడిగారు. "కోపం జాస్తి. ఎవరికైనా అన్యాయం జరిగితే ఊరుకోదు. నా బిడ్డయితే గర్వపడుదును" అన్నాను. ఆ పిల్ల తల్లి నాతో మాట్లాడటం మానేసింది. ఆ పిల్ల మాత్రం మర్నాడు గోడ మీంచి తొంగి చూసి, "బాగా సెప్పినావవ్వా" అంది.