కంటి కోసం తీసిపెట్టిన పుంజు

మా ఆయనకు చూపు పోయిన తర్వాత నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఆసుపత్రికి పోవాలంటే బస్సు బోర్డు ఎవరో ఒకరు చదవాలి కదా. అంతవరకు, అక్షరం రాకపోయినా, ఆయన కళ్లే మా ఇద్దరికీ సరిపోయేవి. అవతలి కొండ మీద పోయేది ఎవరో నడక చూసి చెప్పేవాడు. కంటి నరం ఎండిపోయింది, ఆపరేషన్ చేసినా లాభం లేదు అని పట్నంలో డాక్టరు చెప్పేశాడు. ఆయన నమ్మాడు. నేను నమ్మలేదు. నా రాత ఆయన ఒక్కసారైనా చూడాలని నా ఆశ. చదవడం ఆయనకు రాదు. చదవక్కర్లేదు, చూస్తే చాలు.

ముంచింగిపుట్టు సంతలో పెద్ద కన్ను బొమ్మతో బ్యానర్ కట్టారని, వచ్చే సంతకూ ఉంటారని మా ఊరివాళ్లు కబురు తెచ్చారు. కన్ను బొమ్మ ఉందంటే డాక్టర్లు వచ్చినట్టే అనుకున్నాం. మా కొండల్లో వైద్యం చేసేవాడి దగ్గరకు ఉత్త చేతులతో పోరు. ఒక పుంజును తీసిపెట్టాలి. అలా తీసిపెట్టినదాన్ని మళ్లీ గడప లోపలికి తేకూడదు. తెస్తే జబ్బు కూడా దాని వెంటే తిరిగొస్తుందంటారు. ఆయన ఎర్రపుంజుకు కాళ్లు కట్టి చంకలో పెట్టుకుని, నా భుజం పట్టుకుని జీపెక్కాడు.

బ్యానర్ కింద డాక్టరు లేడు. ఒకే రంగు టోపీలు పెట్టుకున్న ఏదో సేవా క్లబ్బు వాళ్లు, ఒక డబ్బా. మాలాగే చూపు లేని ముసలివాళ్లను తెచ్చినవాళ్లు ఇంకొందరు అక్కడే కూలబడి ఉన్నారు. కంటి జబ్బులకు కొత్త మందులు కనిపెట్టే పరిశోధనకు చందా పోగు చేస్తున్నామని టోపీ పెట్టుకున్న ఒకావిడ చెప్పింది. మందు ఎప్పుడొస్తుందని అడిగాను. చాలా ఏళ్లు పట్టవచ్చు అంది. అబద్ధం చెప్పనందుకు ఆమె మీద కోపం వచ్చింది.

"పద మావా, పోదుం" అన్నాను.

ఆయన కదల్లేదు. "మరి పుంజునేటి సేత్తావు? ఇంటికి తేకూడదు గదే."

"దారిలో వదిలీ."

"కంటికని తీసినాం, కంటికే ఇచ్చీ. నాకు కాపోతే ఇంకెవుడికో."

పుంజు డబ్బాలో పట్టదని పక్కన అల్లం అమ్మే ఆమె నవ్వింది. క్లబ్బు ఆవిడకు దాన్ని పట్టుకోవడం చేతకాలేదు. అది రెక్కలు కొట్టి ఆమె టోపీ పడేసింది. చివరికి అక్కడే వేలం వేసి, వచ్చింది డబ్బాలో వేస్తామన్నారు. ఇచ్చినవాళ్ల పేరు చీటీ మీద రాసి బ్యానర్‌కు అంటించడం వాళ్ల పద్ధతి. పేరేమిటని క్లబ్బు ఆవిడ పెన్ను తీసింది. నేను రాస్తానన్నాను.

నాది నొక్కి రాసే చెయ్యి. కాగితం చిరుగుతోందని నాకు చదువు చెప్పిన పంతులమ్మ తిట్టేది. ఆయన ఆ చీటీ అడిగి పుచ్చుకున్నాడు. వెనక్కి తిప్పి, ఉబ్బిన గీతల మీద బొటనవేలు నడిపాడు. ఒకచోట ఆగాడు. మళ్లీ మొదటికి వచ్చాడు.

"లోతుగానే దున్నినావే" అన్నాడు. "ఇది నానేనా?"

"నువ్వే మావా."

చీటీ బ్యానర్ మీదకు పోయింది.

ఇప్పుడు ఆయన లేడు. ఆ మందు వచ్చిందో లేదో నాకు తెలియదు. కాస్త తేలిగ్గా రాయమని మనవరాలు అంటుంది. నా వల్ల కాదు. ఈ కాగితం కూడా వెనక్కి తిప్పి తడిమాను. గీతలన్నీ పైకి తేలే ఉన్నాయి.