ఇంద్రావతి మీద దుప్పటి తెరచాప

తెరచాప పడవ ఎక్కిస్తానని పెళ్లయిన కొత్తలో సరళకి మాటిచ్చాను. ఇరవై ఏళ్లయినా నిలబెట్టుకోలేదు. ఈ దసరా సెలవులకి విశాఖలో ఒక పడవ పూర్తిగా మాకే కావాలని ఫోన్ చేస్తే, నిరుడు రోజంతటికీ చెప్పిన కిరాయి ఈసారి రెండు గంటలకే చెప్పారు. సరళ ముఖం చిన్నబోయింది. నేనూ అయ్యో అన్నాను గానీ, లోపల మాత్రం హమ్మయ్య అనుకున్నాను. నేను పనిచేసే బచేలి ఇనుప గనుల్లో ఎంత ఎత్తు యంత్రమైనా ఎక్కుతాను. నీళ్లంటే మాత్రం చచ్చేంత భయం. ఆ సంగతి ఆవిడకి తెలియదు.

సెలవులు పాడుచేసుకోవడం ఎందుకని, భోపాల్‌పట్నంలో ఉన్న సరళ వాళ్ల పిన్నిని చూడ్డానికి బయల్దేరాం. ఉదయం ఆరింటికి బచేలిలో బస్సెక్కి, గీదంలో దిగి వేడి అటుకుల పోహా తిన్నాం. అక్కడ బీజాపూర్ మీదుగా వెళ్లే బస్సు దొరికింది. సీటు కావాలంటే గీదంలోనే ఎక్కాలి.

పక్క సీట్లో భోపాల్‌పట్నం రైతు ఒకామె కూర్చుంది. సరళ ఆమెకి మా పడవ కథంతా చెప్పేసింది.

"గన్ని పైసలెందుకమ్మా? వంతెనైనంక మాకాడ పడవలెక్కెటోళ్లే లేరు. మా మరిది పడవ ఖాళీగనే ఉన్నది, నేను చెప్త" అందామె.

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

మధ్యాహ్నానికి చేరాం. పిన్ని ఇంట్లో చేపల పులుసుతో భోజనం చేసి, నాలుగింటికి ఇంద్రావతి ఒడ్డుకి వెళ్లాం. ఆ మరిది లచ్చయ్య అప్పటికే పడవ కడిగి పెట్టాడు. తెరచాప ఏదని సరళ అడిగింది. వెనకటికి వడ్ల బస్తాలు దాటించేటప్పుడు, గాలి కలిసొస్తే రెండు వెదురు బొంగులకి గుడ్డ కట్టేవాళ్లమని అతను చెప్పాడు. సరళ వెంటనే సంచిలోంచి బస్సు కోసం తెచ్చుకున్న దుప్పటి తీసిచ్చింది. ఇక తప్పేది లేక నేనూ ఎక్కాను.

ఏటి మధ్యకి వెళ్లేసరికి దుప్పటి నిండా గాలి పట్టి పడవ ఓ పక్కకి ఒరిగింది. నేను కళ్లు మూసుకుని అంచు పట్టుకున్నాను. అంతలో సరళ గోళ్లు నా చేతిలో దిగాయి.

"ఒడ్డుకి తిప్పమనండి. నాకు భయంగా ఉంది."

"ఏంది సారూ, గప్పుడేనా?" అంటూ లచ్చయ్య దుప్పటి దించాడు. ఆ క్షణంలో నాకు సరళ మీద కలిగినంత ప్రేమ పెళ్లి పీటల మీద కూడా కలగలేదు.

మర్నాడు పొద్దున్నే తిరుగు బస్సెక్కాం. వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట. దసరా రోజుల్లో ఇంద్రావతి నిండుగా ఉంటుంది, ఒడ్డున కూర్చుని చూసినా కడుపు నిండిపోతుంది. బీజాపూర్ దాటాక సరళ నా భుజం మీద తల ఆనించింది.

"వచ్చే ఏడు విశాఖలో పడవల రేట్లు తగ్గినా, నాకు మాత్రం చెప్పకండి."

"తగ్గవులే" అన్నాను ధీమాగా.