ఇరవై రోజులు ఆపిన రంపం

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పదకొండు పాత మిషను రంపాలున్నాయి. చెట్లు కోసే పెట్రోలు రంపాలు. కొన్ని నా ఈడువి, కొన్ని నాకంటే పెద్దవి. బతుకుతెరువుకు నేను కంబదూరులో పంపుసెట్ల మోటార్లు రిపేరు చేస్తాను. రంపాలు నా పిచ్చి. కర్ణాటక మలెనాడు కాఫీ తోటల్లో మూలకు పడినవి కళ్యాణదుర్గంలో పాత ఇనుము కొనే అంగడికి తూకానికి వస్తాయి. అంగడి సాయిబు వాటిని పక్కన పెట్టి నాకు ఫోను చేస్తాడు. తెచ్చి, తుప్పు గీకి, డీజిల్లో కడిగి, ఒక్కో మర విప్పి బిగించి, మళ్లీ మోగేదాకా నాకు తిండి సహించదు.

"చెట్లే లేని సీమలో చెట్లు కోసే మిషన్లు పెట్టుకోని కూర్చున్యాడు నా మొగుడు" అని మా ఆవిడ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతుంది. ఆ మాటలో తప్పేమీ లేదు. పోయినేటి దాకా వాటితో నేను ఒక్క కొమ్మ కూడా కోసి ఎరగను. మోగితే చాలు నాకు.

ఈ పాతవాటికి పార్టులు దొరకడం గగనం. ఎక్కడెక్కడో వెతికించి బెంగళూరు నుంచి బస్సు పార్సిల్లో తెప్పిస్తాను. వచ్చినవి వచ్చినట్టు టేబులు సొరుగులో పెట్టి తాళం వేస్తాను. తాళంచెవి నా మొలతాడుకు ఉంటుంది. స్నానం చేసేటప్పుడు కూడా తీయను. ఈ ఒక్క విషయంలో నేను పిసినారినే, ఒప్పుకుంటాను.

పోయినేడు ఎండాకాలం మా బావ వచ్చాడు. మా అక్కవాళ్లది పక్క ఊరే. మూడెకరాల చీనీ తోట వాళ్లది, అంటే బత్తాయి. కిందటి రెండు ఎండాకాలాలు ట్యాంకర్లతో నీళ్లు తోలి బతికించాడు బావ. ఆ ఏడు ఉన్న ఒక్క బోరూ ఎండిపోయింది.

"బామ్మర్దీ, తోట కొట్టేస్తాండా" అన్నాడు, షెడ్డు గుంజకు ఆనుకొని. "బొగ్గుబట్టీ ఆయనతో మాట్లాడినా. కోసేవోళ్లు ఒక్కడూ ఖాళీ లేడప్పా, అందరి తోటలూ పోతాండాయి. నీ ఎర్ర మిషనియ్యి. చెట్లు నిలువునా ఎండిపోతే ఆయప్ప సగం రేటు కూడా ఇయ్యడు."

"తర్వాత ఎట్ల బావా?"

"రెండావులుండాయి గదా. పాలు పోసుకోని బతుకుతాం. మీ అక్క కూడా సరే అనింది."

ఎర్రది నా రంపాల్లోకెల్లా పెద్దది. దానికి రిపేర్లన్నీ అయిపోయాయి. కార్బొరేటర్లో వేసే పలుచని రబ్బరు పొర, డయాఫ్రం అంటారు, అదొక్కటే తక్కువ. ఆ పొర ముందురోజే వచ్చి సొరుగులో ఉంది.

బావ మాట్లాడుతున్నంతసేపూ నేల చూస్తున్నాడు. నాకు మనసొప్పలేదు. "డయాఫ్రం రాలేదు బావా. బెంగళూరు నుంచి రావల్ల" అనేశాను.

ఏం ఆలోచించానని అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పది రోజులు గడిస్తే మృగశిర కార్తె. ఒక్క పదును వాన పడితే చెట్లు తేరుకుంటాయి, బావ మనసు మారుతుంది అనుకున్నాను. రెండు రోజులకొకసారి ఫోను చేసేవాడు. "వచ్చిందా?" "రేపొస్తాది బావా." ఫోను పెట్టేశాక, ఏదో తోటను నేనే కాపాడుతున్నట్టు మురిసిపోయేవాణ్ణి. సిగ్గులేని మురిపెం అది.

కార్తె వచ్చింది గానీ వాన రాలేదు. రెండు వారాలకు ఫోన్లు ఆగిపోయాయి. మంచిదే అనుకున్నాను. ఇరవయ్యో రోజు చూసొద్దామని పోతే, తోటలో బోరు లారీ నిలబడి ఉంది. కొట్టంలో ఆవులు లేవు.

"మిషను రాకపోయేది మన మంచికే అన్న్యాడు మీ బావ" అంది అక్క. "చెట్లు కొట్టొద్దని దేవుడే ఆపినాడంట. టెంకాయ చేతిలో పెట్టుకోని నీళ్లు చూసే ఆయప్పను పిలుచుకొచ్చినాడు. ఈశాన్యం మూల టెంకాయ నిలబడిందంట. ఆవుల్ని సంతకు తోలి బోరేపిస్తాండాడు."

దేవుడు కాదక్కా, నేను. ఆ మాట అక్కకు చెప్పకుండా లారీ దగ్గరికి నడిచాను. లారీ అప్పటికే ఎనిమిది వందల అడుగులు దాటింది. వెయ్యి దాటినా దుమ్మే. తెల్లటి దుమ్ము ఆకుల మీద, అక్క తల మీద, మా అందరి కనురెప్పల మీద. సాయంత్రానికి పైపులు పీకేశారు. బావ పిడికెడు దుమ్ము తీసి వాసన చూసి, కింద పోశాడు.

మరుసటి రోజు పొద్దున్నే షెడ్డుకొచ్చాడు. ఎర్ర మిషను ముందు నిలబడ్డాడు. నేను మొలతాడు నుంచి తాళంచెవి తీసి, సొరుగు తెరిచి, ప్యాకెట్టు చింపి డయాఫ్రం వేశాను. పది నిమిషాల పని.

"ఎప్పుడొచ్చింది?"

"పొద్దున బస్సుకు."

ప్యాకెట్టు మీద పాత తేదీతో పార్సిల్ చీటీ అతికించి ఉంది. ఆయన దాన్ని చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. మిషనెత్తి భుజాన పెట్టుకున్నాడు.

కోసింది మాత్రం నేనే. మొదటి చెట్టు దగ్గరే బావ చేతిలోంచి లాక్కున్నాను. మూడు రోజులు పట్టింది. మిషను ఒక్కసారి కూడా ఆగలేదు. నేను బాగుచేసిన వాటిలో అంత బాగా నడిచింది ఇంకోటి లేదు. మొద్దులు అప్పటికే ఎండి గలగలమంటున్నాయి. బట్టీ ఆయన గొణుగుతూ సగం రేటే ఇచ్చాడు.

నెల తిరక్కుండానే ఇద్దరూ బెంగళూరు బయలుదేరారు. కట్టే బిల్డింగు దగ్గర కాపలా పని. కళ్యాణదుర్గం బస్టాండులో అక్క మూటల మీద కూర్చొని, "ఆవులన్నా ఉండింటే ఈడే ఉందుము గదరా" అంది. ఇక చెప్పేయాలని బావను పక్కకు పిలిచాను. నోరు తెరవకముందే ఆయనే నా భుజం మీద చెయ్యేశాడు.

"ఆ పార్టు నీ సొరుగులో మొదటి వారమే చూసినాలే బామ్మర్దీ. ఒకనాడు నేనొస్తే నువ్వు లేవు. సొరుగు తీసి చూసినా. నాకే కోయబుద్ధి గాక గమ్మునుండిపోయినా. నువ్వేం మనసులో పెట్టుకోవాకు."

బస్సొచ్చింది. మూటలు పైకి అందించాను. అక్క కిటికీలోంచి చెయ్యి ఊపింది.

బస్సు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. చెయ్యి దానంతటదే మొలతాడు మీదికి పోయింది. తాళంచెవి అక్కడే ఉంది. ఆ సొరుగును నేను తప్ప ఇంకొకరు తెరిచింది ఏనాడూ లేదు.