మావగారి గడ్డానికి మెత్తని బ్రష్

విశాఖపట్నంలో ఉండే మా తోడల్లుడు మొన్న ఆదివారం ఫోను చేసి, తాను ఇకమీదట ట్రిమ్మరు వదిలేసి పాత పద్ధతిలో సబ్బూ బ్రష్షూ పట్టుకుని గడ్డం గీసుకోవాలని నిశ్చయించుకున్నాననీ, కొత్తగా మొదలెట్టేవాడికి ఏ బ్రష్ మంచిదో చెప్పమనీ, స్థలం కొనేవాడు వాస్తు అడిగినంత గంభీరంగా అడిగాడు. మెత్తనిది కొనుక్కోమని చెప్పి పెట్టేశాను. ఆ ఒక్క మాట తెలుసుకోవడానికి నాకు ఒక వేసవి మొత్తమూ, మా మావగారి ముఖమూ ఖర్చయ్యాయని అతనితో చెప్పలేదు. మీతో చెబుతాను. ముప్పయ్యో పడి సగమైనా దాటకుండా అప్పుడే జ్ఞాపకాలేమిటని నవ్వకండి. నురగ డబ్బా నొక్కి, వాడి పారేసే రేజరుతో నాలుగు గీతలు గీసుకుని ఆఫీసుకు పరిగెత్తిన నా ఈడు వాళ్ళకు పాతబడడం పెద్ద పనేం కాదు.

మావగారిది పాతపట్నం దగ్గర పల్లె. విజయనగరంలో పంతులుగా చేసి రిటైరయ్యాక, మా ఇంటికి రెండు వీధుల అవతల స్థిరపడి, సాయంత్రాలు వరండాలో పిల్లలకు పాట నేర్పేవారు. ఆ ఏడు చలి తగ్గే వేళకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ప్రాణం మిగిలింది, కాస్త ముద్దగానైనా మాట మిగిలింది, వెటకారమైతే చెక్కు చెదరలేదు గాని, కుడి చెయ్యి మాత్రం చెప్పిన మాట వినడం మానేసింది. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి గడ్డం గుబురుగా పెరిగింది. ఎన్నడూ గరుకు చెంపతో వరండాలోకి రాని మనిషి, ఈ ముఖంతో పిల్లల ముందు కూర్చోనని పాఠాలు ఆపేశారు. పాఠాలతో పాటు ఆయన కూడా ఆగిపోతారేమోనని ఇంట్లో అందరికీ లోపల బెంగ. వీధి చివర సెలూనతను ఇంటికొచ్చి గీస్తానన్నాడు గాని ఆయన ఒప్పుకోలేదు.

“ఆడు సూసెల్తే, ఆ కొట్టుకాడ నా మూతి ఎటు వంకర పోనాదో ఊరంతా కొలుస్తాది,” అన్నారు. అది నిజమే, మా పక్కింటాయన షుగరు ఎంతో నాకు అక్కడే తెలిసింది.

అలా ఆ పని నా మీద పడింది. పెళ్ళిలో ఆయన పళ్ళెంలో నా కాళ్ళు పెట్టించి కడిగారు. అంతకు మించి మామా అల్లుళ్ళు ఒకరినొకరు తాకే సందర్భం మన ఇళ్ళలో ఉండదు. అత్తయ్య గుమ్మంలో నిలబడి, “అల్లుడి సేత గెడ్డం గీయించుకుంతారేటి, నలుగురూ ఏటంతారు?” అని ముఖం చిన్నబుచ్చుకుంది.

“నలుగురూ సూడకుండానే కదే గీయించుకుంతన్నాను,” అన్నారాయన.

ఆయన పాత బ్రష్ సంగతి చెప్పాలంటే, దాని వెంట్రుకలు అప్పటికే ఆయన నెత్తి మీది జుట్టుతో పోటీ పడి రాలిపోయి ఉన్నాయి. గంటస్తంభం దగ్గర ఫ్యాన్సీ కొట్లో కొత్తది కొన్నాను, నైలానుది. ఆ ఇంట్లో ఏ పనైనా కుడివైపు నుంచే మొదలవాలి. గడప దాటినా కుడికాలే, చొక్కా తొడిగినా కుడి చెయ్యే, అది పక్షవాతం వచ్చి పడి ఉన్నా సరే. కనుక నురగ కూడా కుడి చెంప మీదే మొదలుపెట్టించారు. ఎలా ఉందండీ అని అడిగితే, “బాగానే ఉన్నాది బావూ,” అన్నారు. తీరా ఎడమ చెంపకు వచ్చేసరికి కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని, కళ్ళు చెమర్చి, ఇక ఈ పూటకు చాలన్నారు. సగం గడ్డంతో లోపలికి వెళ్ళి పడుకున్నారు. నేను తప్పు రేజరుదనుకుని బ్లేడు మార్చాను. మర్నాడూ అదే వరస.

అప్పుడు ఇంటర్నెట్టులో పడ్డాను. అక్కడ బ్రష్‌ల గురించి మాట్లాడేవాళ్ళు పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళకంటే నిదానస్తులు. వాళ్ళ మాట నమ్మి పంది వెంట్రుకలది తెప్పించాను. నానబెట్టి వాడగా వాడగా మెత్తబడుతుందట. దేని వెంట్రుకలని అత్తయ్య అడగడం, నేను ఆలోచించకుండా చెప్పేయడం, ఆవిడ దాన్ని పట్టకారుతో పట్టుకెళ్ళి పెరటి కుళాయి గట్టు మీద పెట్టి, ఆ పట్టకారును పసుపు నీళ్ళతో కడగడం వెంట వెంటనే జరిగిపోయాయి. మావగారు నా చెవి దగ్గరకు వంగి, “నా పాతదీ అదే. గుర్రం తోకని సెప్పి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చినాను,” అన్నారు. సరే, దానితోనూ కుడి చెంప బ్రహ్మాండం, ఎడమ చెంప ఎర్రగా కందిపోవడం. వరండా ఖాళీగానే ఉంది. పాట నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు ఫోను చేసి అడగడం కూడా తగ్గించారు.

ఒకనాటి ఉదయం అత్తయ్య మగ్గులో నీళ్ళు పొగలు కక్కేలా కాచి తెచ్చింది. నేను చూసుకోకుండా బ్రష్ ముంచి, అలాగే ఆయన కుడి చెంపకు ఆనించాను. మరుక్షణం వేడి నీళ్ళు కారి నా వేళ్ళు చురుక్కుమనడంతో బ్రష్ వదిలేశాను. ఆయన మాత్రం కిటికీలోంచి కాకిని చూస్తూ, “బాగానే ఉన్నాది,” అన్నారు. చెంప ఎర్రబడుతోంది.

తువ్వాలు చన్నీళ్ళలో తడిపి అద్దుతూ ఉండిపోయాను. నాలాంటి వాడికి కూడా అప్పుడు హాస్యం తోచలేదు. ఆయనే అన్నారు.

“తెలిసిపోనాదా?”

“ఎప్పట్నుంచండీ?”

“మొదటి నుంచీ. మీ అత్త రోజూ నూనె రాసి, తెలుస్తన్నాదా అని అడుగుతాది. తెలుస్తన్నాది అంతాను. శ్రీకూర్మం ఎల్లి మొక్కుకొచ్చినాది కదా, పాపం. సెప్పకు.”

చెప్పలేదు. మర్నాటి నుంచి ఆచారం ప్రకారం కుడి చెంప మీద ఒక చుక్క నురగ పెట్టి, అసలు బేరీజు ఎడమ చెంప దగ్గర వేసుకున్నాను. ఈసారి నైలాను కాకుండా సన్నని కృత్రిమ నారది కొన్నాను, పిల్లి తోకంత మెత్తనిది, అత్తయ్య మడికి కూడా అభ్యంతరం లేనిది. ముందు నా మెడ మీద తిప్పి చూసుకున్నాను, నీళ్ళ వేడి నా ముంజేతి మీద చూశాను, అప్పుడు ఆయన ఎడమ చెంప మీద పెట్టాను. ఆయన కుర్చీ చెయ్యి పట్టుకోలేదు. కళ్ళు మూసుకున్నారు.

“బుర్రుషంటే ఇది. ఇన్నాళ్ళూ నువ్వు నా మీద గిన్నెలు తోమినావు,” అన్నారు.

ఆ వారంలోనే వరండాలో చాప పరిచారు. గొంతు పూర్వం పలికినట్టు పలకలేదు, మూతి కాస్త వంకరగానే ఉంది, పిల్లలు కాసేపు అటే చూసి తర్వాత అలవాటు పడి ఎప్పటిలాగే తాళం తప్పారు. ఆయన ఎప్పటిలాగే తిట్టారు. లోపల పాట వింటూ అత్తయ్య కూర మాడబెట్టింది, అందరం అదే కలుపుకుని తిన్నాం.

ఆ తర్వాత చాలా నెలలు రోజూ పొద్దున్నే నేను ఆయన గడ్డం పట్టుకుని, ఆయన ఊపిరి నా మణికట్టుకు తగిలేంత దగ్గరగా కూర్చుని, ఉద్యోగం గురించీ, పెళ్ళాంతో గొడవల గురించీ, అంటే ఆయన కూతురితోనే, చెప్పుకునేవాణ్ణి. నోటి చుట్టూ నురగ ఉన్న మనిషి సలహా ఇవ్వలేడు గనుక అంత చక్కని శ్రోత మరొకడు దొరకడు. క్రమంగా ఆయన ఎడమ చేత్తో తినడం, రాయడం నేర్చుకున్నారు; చివరికి గీసుకోవడమూ నేర్చుకున్నారు. ఒకనాడు నేను వెళ్ళేసరికి నున్నటి ముఖంతో వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నారు. అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను.

ఇప్పుడు ఆదివారాలు వెళ్తే ఆయన లేచి కుర్చీ చూపిస్తారు, నేను ఫరవాలేదంటాను. భోజనమైందా బావూ అని అడుగుతారు, అయిందండి అంటాను. మర్యాదలన్నీ తిరిగి వచ్చి మా ఇద్దరి మధ్యా తీరిగ్గా కూర్చున్నాయి. ఆయన కుడి దవడ కింద, తనకు తెలియని చోట, ఎప్పుడూ నాలుగు తెల్ల వెంట్రుకలు మిగిలిపోతాయి. చూస్తాను. చెయ్యి చాచేంత దూరమే. కాని ఇప్పుడు ఆయన ఆరోగ్యంగా ఉన్నారు కదా, ఏమని చాస్తాను?