గురులింగప్ప ముక్కు

జహీరాబాద్‌ల ఎవల చేతుల చేప కనవడినా సరే, గురులింగప్ప వాసన చూడాల్సిందే. వాళ్లింట్ల కోడిగుడ్డు గూడ గడప దాటదు. నొసట విభూతి, మెడల లింగం, చేతుల నా గంపల కొర్రమట్ట చేప! మొప్ప ఎత్తి ముక్కు వెడ్తడు.

"ఏ నీళ్లది సుగుణక్కా? చెరువుదా, వాగుదా?"

"చెట్టుకు కాసింది! నీకెందుకయ్యా, కూర వండుతవా?"

"ఊహూ. వాగుది. గబ్బు."

నలభై ఏండ్ల సంది చేపలమ్ముతున్న. రెండో తరగతి దాటలే గని, చేప కన్ను చూసి ఎప్పుడు పట్టిన్రో చెప్త. నా గంప కాడ నిలవడి గబ్బంటే ఒళ్లు మండదా? ఒకసారి పెండ్లి ఊరేగింపుకు అడ్డం పోయి వంటోళ్ల చేపల బకెట్లు వాసన చూసిండు. బ్యాండోళ్లు పెండ్లిపిల్ల మేనమామ అనుకొని ఇంకో పాట కొట్టిన్రు.

మొన్న మా గల్లీ షబ్నం వచ్చింది. ఏడో నెల. "అవ్వా, కొర్రమట్ట మీదికి పాణం పోతున్నది" అన్నది. వాగుల పట్టింది, చెయ్యంత పొడుగుది, తీసిన. ఎక్కడికెళ్లి ఊడిపడ్డడో ఈయన! "ఏ నీళ్లది?" అన్నడు. నేను తిట్టిన. "గబ్బు! తినకు బిడ్డా" అన్నడు. షబ్నం ఉత్త సంచితో పోయింది.

ఇగ ఊకోలె. రెండు దినాల సంది మురిగిన చేప ఒకటుంటె తెచ్చి ఆయన ముక్కు కింద వెట్టిన. పక్కన పూలమ్మే జగ్గయ్య రుమాలు అడ్డం వెట్టుకొని ఉరికిండు.

"ఏ నీళ్లది?" అన్నడు గురులింగప్ప.

"చెరువుదే."

"మంచిగున్నది. తినొచ్చు."

"ఓర్నీ! నీకు వాసనే రాదా?"

తల వంచుకున్నడు. "రాదక్కా. వాగు ఒడ్డున ఆ మూతవడ్డ కంపెనీల పన్నెండేండ్లు విషం మందు డ్రమ్ములు మోసిన. ఆ మందు వాగుల వంపినోళ్లల్ల నేనొకన్ని. ముక్కు ఆడనే పోయింది."

"మరి వాగుదని ఎట్ల చెప్తవ్?"

"నీకు అబద్ధం రాదక్కా. చెరువుదైతె చెరువుదంటవ్. వాగుదైతె తిడ్తవ్."

"కంపెనీ మూసి తొమ్మిదేండ్లాయె. నీళ్లు తేటగున్నయి గద?"

"నీళ్లు తేటనే. మందు బురదల కూసున్నది. ఆ బురద పురుగులనే చేప తింటది. కడిగితె పోదు, ఉడికితె పోదు, వాసన అసలే రాదు. కడుపుల పిల్లకు మరీ చెడ్డది. ఈ మాట చెప్తె ఎవ్వలు ఇనలె. గబ్బంటె ఇంటున్నరు."

"సర్కారోళ్లు చెప్పొద్దా?"

"చెప్పిన్రు గదా. నీ చేపల కిందనే ఉన్నది."

వాగు కాడ పడి ఉన్న రేకు బోర్డు, నేనే తెచ్చుకున్న. అంత ఇంగ్లీషు, ఆయననే చదివి చెప్పిండు. వాగు చేపలు తినొద్దనే బోర్డు మీదనే ఆరేండ్ల సంది వాగు చేపలు కోసిన! రాసినోడు ఎవల కోసం రాసిండు, కొంగల కోసమా? మందు వంపిచ్చిన సేటు ఏ సముద్రం ఒడ్డునో మంచి చేప తింటుండు. వాని గొంతుల ముల్లు ఇరుక్కోను!

బోర్డు తిప్పి నిలవెట్టిన. "వాగు చేప ఈడ అమ్మం" అని గురులింగప్పతోనే తెలుగుల రాపించిన. ఆ వాగు కొర్రమట్టను గుంత తీసి పాతిన. చెరువుల పట్టిన రవ్వ చేప మంచిది ఏరి ఆయన చేతుల వెట్టిన. "షబ్నంకు ఇచ్చి రా."

"నేనా? చేపనా?"

"ఇన్నొద్దులు పట్టుకున్నది ఏంది, వంకాయనా?"

తోక పట్టుకొని, చెయ్యి బారెడు చాపి పోయిండు. షబ్నం తలుపు తీసి అనుమానంగ చూసిందట. "తాతా, వాసన చూసినవా?"

మళ్ల మొప్ప ఎత్తి, కండ్లు మూసి, గట్టిగ పీల్చిండట.

"మల్లెపువ్వు బిడ్డా!"